మాన్యువల్‌లో ఒక అంకె మారిస్తే పుస్తకమంతా చెదురుతోంది: ఇన్‌డిజైన్ సాంకేతిక రచనకు పనికొస్తుందా?

ఆటోనగర్_రాత

పంపులు, గేరుబాక్సులు తయారుచేసే ఒక సంస్థలో మాన్యువల్స్ రాస్తాను. ఇంగ్లిషులో ఒకటి, తెలుగులో ఒకటి, ఒక్కొక్కటి దాదాపు 200 పేజీలు. నేను వర్డ్‌లో రాసి ఇస్తే బయట ఒక డీటీపీ కేంద్రంలో ఇన్‌డిజైన్ అనే పేజీ అమరిక సాఫ్ట్‌వేర్‌లో పేజీలు కడతారు. పుస్తకం చూడముచ్చటగా వస్తుంది, మా యజమానికి అదే కావాలి. కష్టమంతా ఆ తర్వాతే. డిజైన్ విభాగం వాళ్లు బోల్టు బిగింపు విలువ మారుస్తారు, లేదా పంపు విప్పే క్రమంలో ఒక అంచె కొత్తగా చేరుస్తారు. నాలుగో అధ్యాయంలోకి ఒక బొమ్మ అదనంగా వచ్చిందంటే దాని వెనుక ఉన్నవాటి సంఖ్యలన్నీ జరగాలి. బొమ్మల కింద సంఖ్యలు మారుస్తారు, వాక్యాల మధ్యలో ఉన్నవి అలాగే ఉండిపోతాయి. తాజా ప్రూఫులో "బొమ్మ 4.7లో చూపినట్టు సీలు బయటకు తీయండి" అని ఉంది. 4.7 దగ్గర చూస్తే కప్లింగ్ గార్డు! ఆ మాట నమ్మి పనివాడు ఏం విప్పుతాడో ఊహించుకుంటేనే భయం వేస్తుంది.

అసలు డీటీపీ సాఫ్ట్‌వేర్ ఇలాంటి రాతకు తగినదేనా? నేనే ఇన్‌డిజైన్ నేర్చుకోవాలా, పెద్ద పుస్తకాల కోసం ఉన్న ఫ్రేమ్‌మేకర్ కొనిపించాలా, వర్డ్‌లోనే ఉండిపోవాలా?

డాబాగార్డెన్స్_డీటీపీ

ముందు ఒక్క ప్రశ్న. బొమ్మల సంఖ్యలు చేత్తో టైపు చేసినవా, సాఫ్ట్‌వేర్ వేసినవా? ఫైలు తెరిచి "4.7" మీద కర్సర్ పెట్టండి. అంకెలు విడివిడిగా ఎంపికవుతున్నాయంటే చేత్తో కొట్టినవే. అలాంటప్పుడు తప్పు ఇన్‌డిజైన్‌ది కాదు.

భీమిలి_గాలి

తప్పు ఇన్‌డిజైన్‌ది కాకపోవచ్చు కానీ ఎంపిక తప్పు. సాంకేతిక రచన వారం వారం మారే సరుకు. పేజీని అలంకరించడానికి పుట్టిన సాధనాన్ని దానికి వాడటమే ఈ బాధలకు మూలం. విషయం ఒకచోట, రూపం ఇంకొకచోట ఉండాలి.

మద్దిలపాలెం_మాస్టారు

భీమిలి గారి మాటలో సగం నిజం ఉంది. ఇన్‌డిజైన్‌కు ముందు మన కేంద్రాల్లో వాడిన పేజ్‌మేకర్ 1985లో ఆల్డస్ అనే సంస్థ నుంచి వచ్చింది. కరపత్రాలు, వార్తాలేఖలు, చిన్న పత్రికలు దాని అసలు లోకం. ఒక పేజీ మీద మాటా బొమ్మా అందంగా కూర్చోబెట్టడమే లక్ష్యం. ఫ్రేమ్‌మేకర్ 1986 నాటిది, అది పెద్ద పుస్తకాల కోసం పుట్టింది: అధ్యాయాలు, సంఖ్యలు, ఒకచోటి నుంచి మరొకచోటికి సూచనలు. 1994లో ఆల్డస్‌నూ, 1995లో ఫ్రేమ్ టెక్నాలజీనీ అడోబ్ కొనేసింది. అంటే ఈ రెండు వంశాలూ ఒకే ఇంట్లోకి వచ్చాయి. 1999లో ఇన్‌డిజైన్ వచ్చింది, పేజ్‌మేకర్ 2001లో ఏడో వెర్షన్‌తో ఆగిపోయింది.

చాలామంది గమనించని సంగతి ఏమిటంటే, 2008లో వచ్చిన సీఎస్4 వెర్షన్‌లో ఇన్‌డిజైన్‌కు క్రాస్ రిఫరెన్సులు (బొమ్మ సంఖ్య మారితే నవీకరించుకోగల సూచనలు), కండిషనల్ టెక్స్ట్ (ఒక ప్రతిలో చూపి మరొకదానిలో దాచగల పాఠ్యం) చేరాయి. ఫ్రేమ్‌మేకర్ వాళ్లు ఎన్నో ఏళ్లుగా వాడుకుంటున్నవే అవి. కాబట్టి "అలంకరణ సాధనం" అనే మాట 2008కి ముందు చెల్లేది. ఇప్పుడు సామర్థ్యం ఉంది, వాడే అలవాటే మన కేంద్రాల్లో రాలేదు. పేజ్‌మేకర్ నాటి చేత్తో కొట్టే అలవాటు ఇన్‌డిజైన్‌లోకి కూడా వచ్చేసింది.

డాబాగార్డెన్స్_డీటీపీ

మాస్టారూ, అందరినీ ఒకే గాటన కట్టకండి. పెళ్లిపత్రికలూ ఎన్నికల కరపత్రాలూ చేసే చోట స్టైల్స్ (శీర్షికకో పేరాకో పేరుపెట్టి దాచుకునే రూపం) ఎవరూ అడగరు, పొద్దున ఇచ్చి సాయంత్రం కావాలంటారు. మాన్యువల్ పని తెచ్చేవారు నెలకొకరు వస్తే గొప్ప.

మద్దిలపాలెం_మాస్టారు

మిమ్మల్ని అనలేదు. అలవాటు గురించి అన్నాను.

గాజువాక_ఫిట్టర్

మాన్యువల్స్ రాసేవాళ్లే మాట్లాడుతున్నారు, చదివేవాడిని నేను. పంపు పక్కన కింద కూర్చుని, చేతులకు గ్రీజుతో ఈ పుస్తకాలు తిరగేసేది మేము. నాకు కావలసినవి చెబుతాను.

బిగింపు పట్టిక ఒక పేజీలో, ఆ బోల్టులు ఎక్కడున్నాయో చూపే బొమ్మ దాని వెనుక పేజీలో వేస్తారు. జిడ్డు చేత్తో ముందుకూ వెనక్కూ ఎన్నిసార్లు తిప్పాలి? రెండూ ఎదురెదురు పేజీల్లో ఉండాలి. పుస్తకం తెరిస్తే తెరిచినట్టే పడి ఉండాలి. వైరో బైండింగ్ (తీగ చుట్టలతో కుట్టినది) వేసినవి హాయిగా ఉంటాయి. గమ్ముతో అతికించినవి చెయ్యి తీయగానే మూసుకుపోతాయి, లోపలి అంచున ఉన్న అంకెలు మడతలో దాక్కుంటాయి.

అన్నిటికంటే పెద్ద బాధ తెలుగు పీడీఎఫ్. ఫోనులో తెరిచి "ప్యాకింగ్" అని వెతికితే ఏమీ దొరకదు. ఎదురుగా పేజీలో ఆ మాట కనబడుతూనే ఉంటుంది! కాపీ చేసి ఇంకొకరికి వాట్సాప్‌లో పంపితే ఇంగ్లిషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా వెళ్తాయి. ఎందుకిలా?

తెలుగు_అచ్చు

ఫిట్టర్ గారూ, అది అను ఫాంట్ల వంటి పాత పద్ధతి ఫాంట్లతో చేసిన ఫైలు. అందులో లోపల ఉండేది తెలుగు కాదు. ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో తెలుగు అక్షరాల బొమ్మలు పెట్టారు. "క" అని మీకు కనిపించే చోట కంప్యూటర్‌కు వేరే అక్షరం కనిపిస్తుంది. అందుకే వెతుకులాట పనిచేయదు. ప్రతి భాష అక్షరానికీ సొంత సంఖ్య ఇచ్చే యూనికోడ్‌లో చేస్తే దొరుకుతుంది. తెలుగుకు 1991 నుంచే యూనికోడ్‌లో స్థానం ఉంది.

గాజువాక_ఫిట్టర్

1991 నుంచి ఉంటే ఇంకా పాత పద్ధతి ఎందుకు పట్టుకుని వేలాడుతున్నారు?

డాబాగార్డెన్స్_డీటీపీ

కారణాలు చెబుతాను. పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలియదు. యూనికోడ్ తెలుగు అందులో అతికిస్తే ప్రశ్నార్థకాలు వస్తాయి. ఆపరేటర్ల వేళ్లు అను కీబోర్డుకు అలవాటుపడ్డాయి, చూడకుండా కొట్టేస్తారు. శీర్షికలకు రకరకాల ఫాంట్లు అందులోనే దొరికేవి. ఇన్‌డిజైన్‌కు మారిన మొదట్లో యూనికోడ్ తెలుగు అతికిస్తే వత్తులు విడిపోయేవి. భయపడి వెనక్కు వెళ్లినవాళ్లు చాలామంది.

తెలుగు_అచ్చు

వత్తులు విడిపోవడానికి మందు ఉంది. సీఎస్6 నుంచి, అంటే 2012 నుంచి, భారతీయ లిపులకు ఇన్‌డిజైన్‌లో సదుపాయం వచ్చింది. పారాగ్రాఫ్ స్టైల్ తెరిచి జస్టిఫికేషన్ విభాగంలో కంపోజర్ (అక్షరాలను వరుసల్లో కూర్చే పద్ధతి) దగ్గర "వరల్డ్ రెడీ" అని ఉన్నది ఎంచుకోవాలి. మామూలు కంపోజర్‌లో "స్త్రీ" రాస్తే సకారం ఒకచోట, పొల్లు ఒకచోట, తకారం ఇంకోచోట పడతాయి. వరల్డ్ రెడీకి మార్చగానే చక్కగా కలుస్తాయి. ఒక్కొక్క పేరాకు కాకుండా స్టైల్‌లోనే పెట్టేయండి, పుస్తకమంతా సర్దుకుంటుంది.

ఇంకొకటి, వరుసల ఎడం. ఇంగ్లిషు పుస్తకానికి పెట్టిన ఎడమే తెలుగుకూ పెడతారు. పై వరుసలో "క్ష్మి", "త్స్య" లాంటివి కిందికి దిగుతాయి, కింది వరుసలో గుడులు పైకి లేస్తాయి, రెండూ గుద్దుకుంటాయి. 11 పాయింట్ల అక్షరానికి నేను 17 నుంచి 18 పాయింట్ల ఎడం ఇస్తాను. పేజీలు పెరుగుతాయి, పెరగనివ్వండి. రెండు అంచులూ సమంగా జస్టిఫై చేయాలని కూడా పట్టుబట్టకండి. "బిగించవలసివచ్చినప్పుడు" వంటి మాట కింది వరుసకు జారితే పైన మాటల మధ్య పెద్ద ఖాళీలు పడతాయి. ఎడమ అంచు సరిచేసి కుడివైపు వదిలేస్తే చదవడం సులువు.

లాటెక్స్_వాల్తేరు

ఇన్ని తిప్పలెందుకు? పాఠ్యంలోనే ఆదేశాలు రాసి పేజీలు కట్టించే లాటెక్స్‌లో బొమ్మకు ఒక లేబుల్ ఇస్తాము, వాక్యంలో దాన్ని పిలుస్తాము. మధ్యలో ఎన్ని బొమ్మలు చేరినా రెండుసార్లు కంపైల్ చేస్తే సంఖ్యలన్నీ సరి. తెలుగుకు దాని రూపాంతరం జీలాటెక్స్ ఉంది. ఫాంట్‌స్పెక్, పాలీగ్లాసియా అనే ప్యాకేజీలు పెట్టుకుని పొన్నాల, మండలి వంటి ఏ యూనికోడ్ ఫాంటైనా వాడుకోవచ్చు. పైసా ఖర్చు లేదు. ఫైలు మామూలు పాఠ్యం కాబట్టి ఏ వాక్యం ఎప్పుడు మారిందో మార్పుల చరిత్ర దాచే గిట్‌లో కనబడుతుంది.

ఆటోనగర్_రాత

మా డిజైన్ విభాగం వాళ్లు కూడా ఫైలు తెరిచి సరిచూడాలి. లాటెక్స్ చూస్తే బెదిరిపోతారు. పైగా ఫిట్టర్ గారు అన్నట్టు పట్టికా బొమ్మా ఎదురెదురుగా రావాలంటే అందులో తేలికేనా?

లాటెక్స్_వాల్తేరు

అది కష్టమే, ఒప్పుకోవాలి. బొమ్మలు తమకు వీలైన చోటికి తేలిపోతాయి, పట్టుకుని ఒకచోట కూర్చోబెట్టాలంటే పోరాటం. ఆ ఒక్క విషయంలో ఇన్‌డిజైన్‌దే పైచేయి.

ఫార్మాసిటీ_క్వాలిటీ

పరవాడ ఫార్మాసిటీ నుంచి వేరే కోణం. మా దగ్గర పని విధానాల పత్రాలన్నీ వర్డ్‌లోనే ఉంటాయి, ఉండాలి కూడా. ప్రతి పేజీ తలపై పత్రం సంఖ్య, సవరణ సంఖ్య, అమలు తేదీ, మొత్తంలో ఎన్నో పేజీ అన్నది ఉండాలి. ఎవరు ఏ మాట మార్చారో ట్రాక్ చేంజెస్‌లో కనబడాలి, ముగ్గురు చదివి సంతకం పెట్టాలి. డీటీపీ కేంద్రానికి పంపి తెప్పించుకుంటే ఈ గొలుసు తెగిపోతుంది. ఆడిటర్ అడిగితే చెప్పడానికి ఏమీ ఉండదు.

వర్డ్‌ను చిన్నచూపు చూడకండి. శీర్షికలకు స్టైల్స్, బొమ్మలకు క్యాప్షన్ ఆదేశం, సూచనలకు క్రాస్ రిఫరెన్స్ వాడి, చివర కంట్రోల్ ఏ కొట్టి ఎఫ్9 నొక్కితే సంఖ్యలన్నీ నవీకరించుకుంటాయి. ఆటోనగర్ గారి 4.7 సమస్య అక్కడికక్కడే తీరేది.

డాబాగార్డెన్స్_డీటీపీ

మీవి పది, పదిహేను పేజీల పత్రాలు. 200 పేజీలు, వందకు పైగా బొమ్మలు, అడ్డంగా తిప్పిన పట్టికలు వర్డ్‌లో పెట్టి చూడండి. ఒక బొమ్మ కదిలితే మూడు పేజీల అవతల ఇంకొకటి ఎగిరిపోతుంది.

ఫార్మాసిటీ_క్వాలిటీ

బొమ్మను పాఠ్యం వరుసలోనే పెడితే ఎగరదు. చుట్టూ అక్షరాలు ప్రవహించేలా పెట్టుకుంటేనే ఆ తంటా.

నౌకా_విశ్రాంత

ఓడల నిర్మాణంలో పనిచేసి విరమించినవాడిని. కాగితం యుగం సంగతి ఒకటి మీకు పనికొస్తుంది. మా పెద్ద మాన్యువల్స్ రింగు బైండర్లలో ఉండేవి. పేజీ సంఖ్యలు 1 నుంచి 800 వరకు వరుసగా ఉండవు, అధ్యాయాలవారీగా 4-1, 4-2 అని ఉంటాయి. నాలుగో అధ్యాయం మారితే ఆ అధ్యాయం పేజీలే అచ్చు వేసి పంపుతారు, ఓడలో ఉన్నవాళ్లు పాతవి తీసి కొత్తవి గుచ్చుతారు. మారిన వరుస పక్కన అంచులో నిలువు గీత ఉంటుంది, ఏది మారిందో వెతుక్కోనక్కర్లేదు. ముందు పేజీల్లో ఏ పేజీ ఏ సవరణలో ఉందో పట్టిక ఉంటుంది.

ఆటోనగర్ గారూ, బొమ్మలకూ పేజీలకూ అధ్యాయంవారీ సంఖ్యలు పెట్టి, ప్రతి అధ్యాయాన్నీ విడి ఫైలుగా ఉంచండి. మార్పు ఆ అధ్యాయం గడప దాటదు. రక్షణ రంగంలో ఇప్పుడు ఎస్1000డి అనే ప్రమాణం ఉంది, అందులో సమాచారాన్ని చిన్న చిన్న మాడ్యూళ్లుగా విడగొట్టి దాచుకుంటారు. మూలంలో ఆలోచన ఒకటే.

భీమిలి_గాలి

నేను మొదటి నుంచి చెబుతున్నది అదే. విషయాన్ని చిన్న అంశాలుగా రాసే డిటా పద్ధతి కూడా ఆ దారే. ఐబీఎంలో పుట్టి 2005లో ఒయాసిస్ అనే ప్రమాణాల సంస్థ ప్రమాణమైంది. "సీలు మార్చడం" అనేది ఒక అంశంగా ఒక్కసారి రాస్తారు. మూడు నమూనాల పంపుల మాన్యువల్స్‌లోకి అదే వెళ్తుంది. దిద్దితే ఒకచోట దిద్దితే చాలు. ఆటోనగర్ గారు ఇప్పుడు మూడుచోట్ల దిద్దుతుంటారని నా నమ్మకం.

ఆటోనగర్_రాత

నిజమే. మూడుచోట్లా దిద్దుతున్నాను, తెలుగుతో కలిపితే ఆరు.

భీమిలి_గాలి

అక్కడే ఉంది అసలు రోగం. పుస్తకమే వద్దు, వెబ్ పేజీలుగా ఇచ్చేయండి. క్యూఆర్ కోడ్ పంపు మీద అతికించండి.

గాజువాక_ఫిట్టర్

పంపు హౌసు నేల కింద ఉంటుంది సార్. అక్కడ సిగ్నల్ ఉండదు. క్యూఆర్ స్టిక్కరు ఉప్పుగాలికి, నూనెకు కొన్నాళ్లలోనే మాసిపోతుంది. పుస్తకం ఉండాలి, ఫోనులో దాచుకోవడానికి పీడీఎఫ్ కూడా ఉండాలి.

ఎర్రమట్టి_దిబ్బలు

ఫిట్టర్ గారిని అన్ని సంస్థలూ సంపాదకుడిగా పెట్టుకోవాలి. ప్రూఫు మీద గ్రీజు మరక పడితేనే అచ్చుకు అనుమతి ఇచ్చినట్టు!

డాబాగార్డెన్స్_డీటీపీ

డిటా మంచిదే కానీ దాని నుంచి చూడదగిన పీడీఎఫ్ రప్పించడానికి వేరే నిపుణుడు కావాలి. ఒక్క రచయిత ఉన్న సంస్థకు అది మోయలేని బరువు. ఆటోనగర్ గారికి ఉన్న ఫైళ్లతోనే దారి చెబుతాను, కాస్త ఓపికగా చదవండి.

ప్రతి అధ్యాయం విడి ఇన్‌డిజైన్ ఫైలు. వాటన్నిటినీ ఒక బుక్ ఫైలులో చేర్చండి. బొమ్మ శీర్షికకు ఒక పారాగ్రాఫ్ స్టైల్ చేసి, బుల్లెట్స్ అండ్ నంబరింగ్‌లో "బొమ్మ" అనే మాట తర్వాత అధ్యాయ సంఖ్య గుర్తు, చుక్క, వరుస సంఖ్య వచ్చేలా పెట్టండి. ఇక ఆ అంకెలు ఎవరూ టైపు చేయరు. వాక్యంలో ఆ బొమ్మను ప్రస్తావించేటప్పుడు క్రాస్ రిఫరెన్స్ ప్యానెల్ నుంచి చేర్చండి. బొమ్మ జరిగితే ప్యానెల్‌లో ఆ సూచన పక్కన హెచ్చరిక గుర్తు వస్తుంది, నవీకరించాలి. పుస్తకం మొత్తానికి ఒకేసారి నవీకరించే ఆదేశం బుక్ ప్యానెల్ మెనూలో ఉంది. అచ్చుకు పంపేముందు అది తప్పనిసరి.

మూడు నమూనాల పంపులకు కండిషనల్ టెక్స్ట్ వాడండి. ఆ నమూనాకే చెందిన వాక్యానికి ఆ నమూనా పేరుతో గుర్తు పెడితే, మిగతావి దాచి పీడీఎఫ్ తీసుకోవచ్చు. భీమిలి గారి "ఒకచోట రాయడం" పూర్తిగా కాకపోయినా చాలావరకు ఇక్కడే దొరుకుతుంది. బొమ్మలను పాఠ్యానికి లంగరు వేయండి, వాక్యం జరిగితే అవీ వెంట వస్తాయి. వర్డ్ ఫైలు తెచ్చేటప్పుడు ప్లేస్ ఆదేశంలో దిగుమతి ఎంపికలు తెరిచి, వర్డ్‌లోని ఏ స్టైల్ ఇన్‌డిజైన్‌లో ఏ స్టైల్ అవ్వాలో జత చేయండి. అందుకే రచయిత వర్డ్‌లో కూడా స్టైల్స్ పద్ధతిగా వాడాలి. శీర్షికను ఊరికే లావుపాటి అక్షరాలు చేసి వదిలేస్తే ఇక్కడికి వచ్చేసరికి అది శీర్షిక కాదు.

ఒకటి గుర్తుంచుకోండి. పేజీలు కట్టిన తర్వాత దిద్దుబాట్లు ఇన్‌డిజైన్ ఫైలులోనే జరగాలి. మళ్లీ వర్డ్‌లో దిద్ది పంపితే మొదటికొస్తుంది. రచయిత చేతిలో ఇన్‌కాపీ అనే తోడు సాఫ్ట్‌వేర్ ఉంటే పేజీ అమరిక ముట్టుకోకుండా పాఠ్యం మాత్రం దిద్దవచ్చు.

ఆటోనగర్_రాత

కర్సర్ పెట్టి చూశాను. అన్నీ చేత్తో కొట్టినవే. ఒక్క స్టైల్ కూడా లేదు, 200 పేజీలూ విడివిడిగా అలంకరించి ఉన్నాయి.

మద్దిలపాలెం_మాస్టారు

అయితే పాతదాన్ని బాగుచేయకండి. ఒక్క అధ్యాయం తీసుకుని కొత్తగా కట్టండి. నాలుగోదే తీసుకోండి.

దొండపర్తి_డ్రాఫ్టింగ్

బొమ్మల గురించి ఎవరూ మాట్లాడలేదు. ఆటోక్యాడ్ తెర ఫొటో తీసి జేపీజీగా పంపుతారు. అచ్చులో గీతలు మసకగా, మెట్లుమెట్లుగా వస్తాయి. డ్రాయింగ్‌ను పీడీఎఫ్‌గా ప్లాట్ చేసి అదే పేజీలో పెట్టండి, ఎంత పెంచినా గీత పదునుగా ఉంటుంది. గీత మందం సున్నాగా వదిలేస్తే తెర మీద కనిపించి అచ్చు ప్లేటు మీద మాయమవుతుంది. 0.25 పాయింటుకు తక్కువ పోవద్దు. భాగాల సంఖ్యలు మాత్రం డ్రాయింగ్‌లో కాకుండా ఇన్‌డిజైన్‌లో వేయండి, తెలుగు ప్రతికీ ఇంగ్లిషు ప్రతికీ ఒకే బొమ్మ సరిపోతుంది.

గాజువాక_ఫిట్టర్

హెచ్చరికల సంగతి కూడా రాసుకోండి. "మూత విప్పండి" అని చెప్పి, దాని కింద "విప్పేముందు లోపలి ఒత్తిడి తగ్గించాలి" అని రాస్తారు. వరుసగా చదువుతూ పనిచేసేవాడు అప్పటికే విప్పేసి ఉంటాడు!

నౌకా_విశ్రాంత

హెచ్చరిక ఎప్పుడూ ఆ అంచెకు ముందే రావాలి. ఏ ప్రమాణం చూసినా అదే మాట. ప్రమాదం, హెచ్చరిక, జాగ్రత్త అని తీవ్రతను బట్టి మూడు మెట్లుంటాయి, పుస్తకమంతా ఆ మెట్లు తప్పకూడదు. రంగు ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. షాపులో ఆ పేజీని జిరాక్స్ తీస్తారు, ఎరుపూ నారింజా రెండూ ఒకే బూడిద రంగవుతాయి. త్రికోణం గుర్తు, చుట్టూ మందపాటి గీత ఉండాలి.

ఎర్రమట్టి_దిబ్బలు

ఇన్‌డిజైన్ చందా కట్టలేని చిన్న సంస్థల సంగతి? ఉచిత డీటీపీ సాఫ్ట్‌వేర్ స్క్రైబస్ ఎవరైనా వాడారా?

తెలుగు_అచ్చు

వాడాను. పాత 1.4లో తెలుగు సరిగా కూడేది కాదు. 1.5 శ్రేణిలో సంక్లిష్ట లిపుల సదుపాయం తెచ్చారు, 2024 జనవరిలో 1.6 స్థిరమైన విడుదలగా వచ్చింది. తెలుగు చక్కగా వస్తుంది. కరపత్రాలకు, చిన్న పుస్తకాలకు హాయిగా వాడుకోవచ్చు. పట్టికలు ఎక్కువగా ఉన్న 200 పేజీల మాన్యువల్‌కు మాత్రం నేను సిఫార్సు చేయను. ఆ పరిమాణానికి ఉచితంగా కావాలంటే లిబ్రేఆఫీస్ రైటర్ మేలు, అందులో స్టైల్స్ బలంగా ఉంటాయి.

భీమిలి_గాలి

ఇన్‌డిజైన్‌ను ఇంత కష్టపడి క్రమశిక్షణలో పెట్టడం కంటే మొదటి నుంచీ ఆ క్రమశిక్షణ ఉన్న పద్ధతి నేర్చుకోవడమే నయమని నేను ఇప్పటికీ అంటాను. రెండేళ్లలో నమూనాలు మూడు నుంచి ఎనిమిదికి పెరిగితే కండిషనల్ గుర్తులతో ఆ ఫైలు తెరవడానికే భయపడతారు.

డాబాగార్డెన్స్_డీటీపీ

ఎనిమిది అయినప్పుడు మీ దగ్గరికే పంపుతాము. మూడింటికి ఇది చాలు.

ఆటోనగర్_రాత

నాలుగో అధ్యాయం కొత్తగా కట్టడం మొదలుపెట్టాను. తెలుగు ప్రతి యూనికోడ్‌లోనే, మండలి ఫాంటుతో, వరల్డ్ రెడీ కంపోజర్ పెట్టి చేస్తున్నాను. "స్త్రీ" లాంటివే కాదు, "ఇంపెల్లర్ షాఫ్ట్‌స్లీవ్" కూడా సరిగా వచ్చింది. మధ్యలోకి ఒక బొమ్మ చేర్చి నవీకరించి చూశాను, వెనుకవన్నీ జరిగాయి, వాక్యాల్లో కూడా. ఒక్క చిక్కు మిగిలింది. బిగింపు విలువల పట్టిక తర్వాతి పేజీలోకి కొనసాగినప్పుడు పైన "బోల్టు, పరిమాణం, న్యూటన్ మీటర్లు" అనే వరుస రావడం లేదు. కాపీ చేసి అక్కడ అతికించనా?

డాబాగార్డెన్స్_డీటీపీ

అతికించకండి, రేపు పట్టిక ఒక వరుస పెరిగితే అది నడిమధ్యన వచ్చి కూర్చుంటుంది. మొదటి వరుస ఎంచుకుని, టేబుల్ మెనూలో వరుసలను హెడర్‌గా మార్చే ఆదేశం ఇవ్వండి. పట్టిక ఎన్ని పేజీలకు పాకినా ప్రతి పేజీ మీదా అదే వస్తుంది.

గాజువాక_ఫిట్టర్

ఆ పట్టికకు ఎదురు పేజీలోనే బోల్టుల బొమ్మ పెట్టారా?

ఆటోనగర్_రాత

పెట్టాను. అధ్యాయం పీడీఎఫ్ మీకు పంపుతాను, ఫోనులో "ప్యాకింగ్" అని వెతికి దొరికిందో లేదో చెప్పండి.